కుళ్లిన శవం మీద గాయాలు చదవడం ఎలా: డ్యూటీ డాక్టరుకీ, పంచనామా రాసే ఎస్సైకీ

పలాస పక్క జీడితోటలో మే నెలలో దొరికిన శవం, మూడో రోజుకి సొంత తమ్ముడు కూడా గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి అక్కడ ఫోరెన్సిక్ వాళ్లు చూసుకుంటారు. సోంపేట, టెక్కలి, రాజాం, చీపురుపల్లి లాంటి ఊళ్ల ఆసుపత్రుల్లో మాత్రం చాలాసార్లు ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లే కత్తి పట్టాలి. పొద్దున్న జ్వరాలు, పాముకాట్లు చూసిన డాక్టరే మధ్యాహ్నం మార్చురీలోకి వెళ్లాలి. ఆ డాక్టరు కోసం, ఆయన కంటే ముందు శవాన్ని చూసే ఎస్సై, హెడ్ కానిస్టేబుల్, వీఆర్వో కోసం ఇది రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కుళ్లు రెండు పనులు చేస్తుంది. ఉన్న గాయాన్ని చెరిపేస్తుంది, లేని గాయాన్ని పుట్టిస్తుంది. మొదటిది అందరికీ తెలుసు, అందుకే “శవం కుళ్లిపోయింది, ఏమీ చెప్పలేం” అని రాసేసి చేతులు కడుక్కుంటారు. రెండోదాని గురించి ఎవరూ ఆలోచించరు, అమాయకుడు జైలుకి పోయేది మాత్రం దానివల్లే. కాబట్టి కనబడిన ప్రతి గుర్తునీ మూడు ప్రశ్నలు అడగండి: మనిషి బతికుండగా వచ్చిందా, చనిపోయాక ఏ జంతువో మనిషో చేసిందా, కుళ్లే చేసిందా?

ముందు కుళ్లు ఏ దశలో ఉందో చూడండి

పుస్తకాల్లో ఒక పాత లెక్క ఉంటుంది: బయట గాలిలో ఒక వారం, నీటిలో రెండు వారాలు, భూమిలో ఎనిమిది వారాలు, మూడింటికీ కుళ్లు సమానం అని. ఐరోపా చలిలో పుట్టిన లెక్క అది. మూడు చోట్లలో ఏది వేగం, ఏది నెమ్మది అన్నంతవరకే దాన్ని నమ్మండి, రోజుల లెక్కకి వాడొద్దు. మన దగ్గర వేసవిలో 12 నుంచి 18 గంటలకే పొట్ట కింద కుడివైపు పచ్చరంగు తేలుతుంది. పెద్దపేగు మొదలు అక్కడే, లోపల బ్యాక్టీరియా ఎక్కువ, పైగా అది చర్మానికి దగ్గరగా ఉంటుంది. తర్వాత పొట్ట, ముఖం, వృషణాలు ఉబ్బుతాయి. ఒకటిన్నర రెండు రోజులకి భుజాల మీద, తొడల మీద రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా ఆకుపచ్చ నలుపు గీతలై బయటికి కనబడతాయి. ఆ దగ్గర్లోనే బొబ్బలొచ్చి పైచర్మం ఊడడం మొదలవుతుంది.

ఇది ఎందుకు ముందు చూడాలంటే, మీరు ఎంతవరకు గట్టిగా చెప్పగలరో ఈ దశే నిర్ణయిస్తుంది. పచ్చరంగు దశలో కమిలిన గాయం గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు. చర్మం ఊడిన దశలో అదే గాయం గురించి మాట్లాడాలంటే లోపల కండ సాక్ష్యం కావాలి. ఎముకలు బయటపడిన దశలో కమిలిన గాయం ఊసే ఎత్తకూడదు.

ఇంకోటి, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది: కుళ్లు ఒక వరసలో నడుస్తుంది, ఆ వరస ఎక్కడ తప్పిందో అక్కడ ఆగి చూడండి. తెగిన చోట బ్యాక్టీరియాకి తలుపు తెరిచినట్టే, ఈగలకీ తడి దొరుకుతుంది. రక్తం చేరిన కండ చుట్టూ ఉన్న కండ కంటే ముందు పాడవుతుంది. చేతులు కాళ్లు బాగానే ఉండి ఒక్క ఎడమ ముంజేయి మాత్రం ఎముక కనబడేలా అయిపోయిందంటే, అక్కడ ముందే ఏదో గాయం ఉండి ఉండొచ్చు. బహుశా కత్తికి అడ్డం పెట్టిన చెయ్యి. ఖాయం కాదు, కానీ ఆగి చూడాల్సిన చోటు.

శవం దొరికిన చోట

ఇది పోలీసుల భాగం. ఇక్కడ పాడైంది మార్చురీలో ఎవరూ బాగుచేయలేరు.

వాసన భరించలేక ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు చల్లే అలవాటు ఉంది. చల్లొద్దు. పురుగులు చచ్చిపోతాయి, పారిపోతాయి, చర్మం రంగు మారిపోతుంది, రేపు విషం పరీక్షలో ఆ వాసనే అడ్డొస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఫొటోలు తీయండి. దూరం నుంచి చుట్టుపక్కల కనబడేలా, తర్వాత శవం మొత్తం, తర్వాత ఒక్కొక్క గుర్తు స్కేలు పక్కన పెట్టి. శవం మీదా కిందా ఉన్న ఆకులు, చీమల పుట్టలు, పక్కన కుక్కల అడుగులు, లాక్కుపోయిన గీతలు కూడా ఫొటోలో పడాలి, ఎందుకంటే రేపు తొడ మీద చిరుగు చూసి డాక్టరు బుర్ర గోక్కుంటుంటే జవాబు ఆ ఫొటోలోనే ఉంటుంది.

బావిలోంచి తీసేటప్పుడు కొక్కేలు వేస్తారు, తాడు చంకల కింద కడతారు, ఒక్కోసారి మెడకే కడతారు. ఎవరు ఏ తాడు ఎక్కడ కట్టారో, కొక్కెం ఎక్కడ తగిలిందో పంచనామాలో రాయండి. మెత్తబడ్డ చర్మం మీద తాడు గుర్తు పడిపోతుంది, అది ఉరి గుర్తులా కనబడుతుంది. మెడకి ముందే బిగించి ఉన్న తాడు ఉంటే ముడి విప్పొద్దు. ముడికి దూరంగా కోసి, కోసిన రెండు కొసలకీ దారం కట్టి గుర్తు పెట్టండి.

చట్టం గురించి కాస్త. 2024 జూలై 1 నుంచి అనుమానాస్పద మరణాల పంచనామా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతోంది, పాత సీఆర్పీసీ 174కి బదులుగా. పెళ్లయి 7 ఏళ్లలోపు స్త్రీ చనిపోయి ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ విచారణ, అంటే మన దగ్గర మామూలుగా తహసీల్దారు వస్తారు. 7 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుణ్ణి ఘటనా స్థలానికి పిలవాలని 176వ సెక్షన్ చెబుతోంది. కుళ్లిన శవానికి ఈ పిలుపు మరీ అవసరం.

బల్ల మీదికి వచ్చాక, కడగకముందు

పగటి వెలుతురులో చేయండి. 2021 నవంబరులో కేంద్రం రాత్రి పోస్టుమార్టానికి అనుమతిచ్చినప్పుడు కూడా హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసులతో పాటు కుళ్లిన శవాలను దాన్నుంచి మినహాయించింది, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప. బల్బు వెలుతురులో పచ్చకీ, ఊదాకీ, గోధుమ రంగుకీ తేడా తెలియదు. బంధువులు బయట అరుస్తున్నారని టెన్షన్ పడి సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టకండి.

బట్టలతో మొదలుపెట్టండి. చర్మం కుళ్లిపోతుంది, పురుగులు కండ తినేస్తాయి, బట్ట మాత్రం నిలబడుతుంది. చొక్కా మీద కోత ఉంది, అంచు సూటిగా ఉంది, చుట్టూ ఎండిన రక్తం మరక ఉంది అనుకోండి, దాని కింద చర్మంలో పురుగులు చేసిన పెద్ద గుంత మాత్రమే ఉన్నా సరే మీకు కథ సగం దొరికినట్టే. అందుకే చిరుగుల మీదుగా కత్తెర పోనివ్వకండి. లుంగీ, చీర, జాకెట్టు ఏదైనా తీసేముందు చిరుగు ఎక్కడుందో, శరీరంలో ఏ భాగానికి ఎదురుగా ఉందో రాసుకోండి. తీశాక నీడలో ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి. తడి బట్టని ప్లాస్టిక్ కవరులో కుక్కితే రెండు రోజుల్లో బూజు పట్టి, అందులో ఉన్న రక్తం ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

వీలైతే మొత్తం శరీరానికి ఎక్స్‌రే. తుపాకీ గుండు, విరిగిన కత్తి మొన, పక్కటెముకల విరుపు అన్నీ కుళ్లుతో సంబంధం లేకుండా కనబడతాయి. గుండెలో గాలి కనబడిందని మాత్రం “రక్తంలోకి గాలి వెళ్లి చనిపోయాడు” అనొద్దు, కుళ్లిన శవంలో అన్నిచోట్లా గ్యాసే.

ఇక పురుగులు. అసహ్యంగా ఉంటుంది కానీ కుళ్లిన శవంలో మీకు మిగిలిన మంచి సాక్షి ఇదే. ఈగలు మామూలుగా కళ్లు, ముక్కు, నోరు, మర్మాంగాల దగ్గర గుడ్లు పెడతాయి. ముఖం మీద పురుగులుంటే వింత లేదు. ముఖం మీద తక్కువ, రొమ్ము పక్కనో నడుం దగ్గరో కుప్పగా ఉంటే అక్కడ రక్తం కారిన గాయం ఉండేదేమో అని అనుమానించండి, కడగకముందే ఆ కుప్ప ఫొటో తీయండి. తల జుట్టులో కూడా చూడాలి, నెత్తి మీద చిన్న పగులుని జుట్టూ పురుగులూ కలిసి పూర్తిగా దాచేస్తాయి. పెద్దవాటిని ఏరి, వాటిలో సగాన్ని వేడినీళ్లలో వేసి, అవి సాగి చచ్చిపోయాక 80 శాతం ఆల్కహాల్లో పెట్టండి. ఫార్మలిన్‌లో పెడితే కుంచించుకుపోతాయి, కొలత తప్పుతుంది. మిగతా సగం బతికుండగానే చిన్న మాంసం ముక్కతో గాలి ఆడే డబ్బాలో. మన వేడికి గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది, పురుగు దశ నాలుగైదు రోజులు, ప్యూపా, అంటే గట్టి తొక్కలో ఈగగా మారే దశ, ఇంకో నాలుగైదు. ఖాళీ ప్యూపా తొక్కలు దొరికాయంటే సుమారు తొమ్మిది పది రోజులైనా అయి ఉంటుందని అర్థం. ఆ రోజుల వాతావరణం లెక్కకి కళింగపట్నం వాతావరణ కేంద్రం ఉష్ణోగ్రతలు ఉంటాయి, తీరప్రాంతం కేసుల్లో అవి అడిగి జత చేయమని ఎస్సైకి చెప్పండి.

చర్మం: అసలు తిప్పలన్నీ ఇక్కడే

నెమ్మదిగా నీళ్లు పోసి కడగండి, రుద్దకండి. రుద్దితే ఊడే చర్మం మీరు చేసిన గాయమవుతుంది. నల్లబడ్డ చోట 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తడిపితే రంగు పలచబడి కింద గాయమో, పచ్చబొట్టో బయటపడుతుంది. పైచర్మం ఊడిపోయిన చోట పచ్చబొట్టు ఇంకా బాగా కనబడుతుంది కూడా, ఎందుకంటే రంగు ఉండేది లోపలి పొరలో. మన ఏజెన్సీ ఊళ్ల పెద్దవాళ్లకి పచ్చబొట్లు ఎక్కువ కాబట్టి మనిషిని గుర్తుపట్టడానికి కూడా ఇది కలిసొస్తుంది.

కమిలిన గాయం సంగతి. చనిపోయాక రక్తం కిందికి దిగి, నేలకి ఆనిన వైపు ఊదారంగు మరక పడుతుంది. దాన్ని దెబ్బ అనుకోవడం బంధువులే కాదు, కొత్త డాక్టర్లూ చేస్తారు. తాజా శవంలో తేడా తేలిక: కోసి నీళ్లు పోస్తే మరక రక్తం కడుక్కుపోతుంది, దెబ్బ రక్తం కండలో ఇంకి ఉండిపోతుంది. కుళ్లిన శవంలో ఈ పరీక్ష పనిచేయదు, ఎర్రకణాలు పగిలి రంగు అన్ని కణజాలాల్లోకీ ఇంకిపోతుంది, ఎంత కడిగినా పోదు. అప్పుడు నాలుగు చూడండి. మరక కింది వైపు ఉందా, పైవైపు ఉందా. లోతు కండలో ఉందా, చర్మంలోనే ఉందా. గడ్డకట్టిన రక్తం ఏమైనా మిగిలిందా. ఎడమ చేతి మీద అనుమానం వస్తే కుడి చేతి మీద అదే చోట కోసి పోల్చారా. ఈ నాలుగోది దాదాపు ఎవరూ చేయరు, అయిదు నిమిషాల పని. రెండు వైపులా ముక్కలు తీసి వేర్వేరు సీసాల్లో 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. మామూలు స్లైడులో కణాలు కనబడకపోయినా ఎర్రకణాల పొరలో ఉండే గ్లైకోఫోరిన్ అనే ప్రొటీన్ కుళ్లులోనూ కొంతకాలం నిలబడుతుంది, దాన్ని రంగు పరీక్షతో పట్టుకోవచ్చు. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో కాలేజీ వాళ్లని అడిగి పంపించండి. అది కూడా అక్కడ రక్తం చేరిందనే చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు.

ఒక వింత కూడా ఉంది. చనిపోయిన రోజు కనబడని దెబ్బ, ఒకటి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉన్నాక తేలడం మామూలే. లోతులో ఉన్న రక్తం విరిగి పైకి రంగు పంపిస్తుంది. మొదటి పంచనామాలో లేని గుర్తు పోస్టుమార్టంలో ఉందని డిఫెన్స్ లాయరు పట్టుకుంటే జవాబు ఇదే.

గీరుడు గాయాలు ఎండితే గోధుమ రంగులో అట్టలా గట్టిబడతాయి, కాబట్టి కొంతకాలం బాగానే నిలబడతాయి. కాకపోతే పైచర్మం ఊడి ఎండిన చోటు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఎండిన పెదవులు, వృషణాల తోలు కూడా దెబ్బ తిన్నట్టే కనబడతాయి. కుళ్లు బొబ్బలు చూసి కాలిన గాయాలు అనేవాళ్లూ ఉన్నారు. కాలినదైతే చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది, కుళ్లు బొబ్బకి ఉండదు. పలాస వైపు జీడిపప్పు బట్టీల్లో పనిచేసేవాళ్లకి తొక్కలోని నూనె తగిలి వేళ్లు నల్లబడి తోలు లేచి ఉండటం బతికుండగానే మామూలు, ఆ మనిషి పనేమిటో కనుక్కోకుండా చేతుల గురించి రాయకండి.

చేతి చర్మం గ్లౌజులా మొత్తం ఊడి వస్తుంది. పారేయకండి. వేలిముద్ర దాని మీదే ఉంటుంది, ఫార్మలిన్‌లో కాసేపు పెట్టి మీ గ్లౌజు వేలికి తొడుక్కుని ముద్ర తీయొచ్చు. కత్తిని పట్టుకున్నప్పుడు తెగిన గీత కూడా ఆ తొడుగు మీదే ఉంటుంది, కింద చేతిలో దానికి సరిపోయే చోట కోత ఉందో లేదో చూసి రాయండి.

కోసిన గాయం, పోటు గాయం. గ్యాసు చర్మాన్ని లాగుతుంది, గాయం నోరు తెరుస్తుంది, అంచులు ఉబ్బి మెత్తబడతాయి. రెండు అంగుళాల కత్తి పోటు మూడు అంగుళాల చీలికలా కనబడొచ్చు. ఉన్నది ఉన్నట్టు ఒక కొలత, అంచులు దగ్గరికి చేర్చి ఇంకో కొలత, రెండూ రాయండి. గ్యాసుకి చర్మం దానంతట అదే చిట్లిన చోట్లు కూడా ఉంటాయి, ఎక్కువగా బాగా ఉబ్బిన పొట్ట మీద, తొడల మీద. వాటి కింద కండ తెగి ఉండదు, అందులో రక్తం ఉండదు. గాయం లోతు చూడటానికి ఇనప చువ్వ దూర్చొద్దు, కుళ్లిన కండలో అది ఎటు తోస్తే అటు దారి చేసుకుంటుంది, ఆ దారిని మీరు కత్తి దారి అని రాస్తారు. పొర తర్వాత పొర కోసుకుంటూ వెళ్లండి. ఛాతీ పోట్లలో పక్కటెముకల ముందుభాగం మృదులాస్థిని తప్పకుండా చూడాలి, అది చాలా నిదానంగా కుళ్లుతుంది, కత్తి ఆకారం, అంచు గీతలు కూడా పట్టి ఉంచుతుంది. అక్కడ కోత దొరికితే ఆ ముక్కని కోసి భద్రపరచండి, చర్మంలో పోయింది అందులో దొరుకుతుంది.

మెడ

ఉత్తరాంధ్ర మార్చురీల బయట ఎక్కువగా వినబడే మాట ఇది: “బాబూ, మావోడి మొకం సూడండి, నాలిక బయటికొచ్చేసింది, గుడ్లు తేలిపోనాయి, పీక నులిపేసినారు బాబూ.” ఉబ్బిన ప్రతి శవం అలాగే ఉంటుంది. లోపలి గ్యాసు నాలుకని, కనుగుడ్లని ముందుకి తోస్తుంది, ఊపిరితిత్తుల్లోంచి ఎర్రటి నీళ్లు ముక్కు నోట కారతాయి. స్త్రీ శవమైతే గర్భసంచి, మలద్వారం బయటికి జారడం, మర్మాంగాలు ఉబ్బడం కూడా ఆ గ్యాసు పనే, దాన్ని చూసి అత్యాచారం అని పుకారు పుట్టి ఊళ్లో గొడవలవుతాయి. ఇంటి పెద్దని ఒకర్ని పక్కకి పిలిచి, ఇది కుళ్లు వల్ల, మేం మెడ లోపల కూడా చూస్తాం అని అయిదు నిమిషాలు చెప్పడం మీ పనిలో భాగమే అనుకోండి. అలాగే లోపల నిజంగానే చూడండి.

నిజమైన ఉరి గుర్తు కుళ్లుని బాగానే తట్టుకుంటుంది, ఎందుకంటే నొక్కుకుని ఎండిన చర్మంలో తడి తక్కువ. చుట్టూ చర్మం ఊడినా గాడి గోధుమ రంగులో గట్టిగా నిలుస్తుంది. దొంగ గుర్తు ఎలా వస్తుందంటే, మెడ ఉబ్బినప్పుడు చొక్కా కాలరు, పసుపుతాడు, తాయెత్తు దారం లోపలికి దిగుతుంది. ఆ గాడి పాలిపోయి మెత్తగా ఉంటుంది, ఆ దారం తీసి పక్కన పెట్టి చూస్తే వెడల్పు, ముడి గుర్తు సరిగ్గా సరిపోతాయి. మొలతాడు నడుం చుట్టూ చేసే గాడిదీ ఇదే కథ.

మెడ కోసే ముందు తల తెరిచి మెదడు, ఛాతీ తెరిచి గుండె ఊపిరితిత్తులు తీసేయండి, మెడలో రక్తం కారిపోతుంది. ఇలా చేయకుండా నేరుగా మెడ కోస్తే కోతలోనే రక్తం చిమ్మి వెనక కండలకి పట్టుకుని, నులిమిన రక్తంలా కనబడుతుంది. నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక, దాని కింద గొంతులోని థైరాయిడ్ మృదులాస్థి, వీటి కొమ్ములు విరిగాయా చూడండి. విరిగితే, ఆ విరిగిన చోట రక్తం మరక ఉందా అనేది ముఖ్యం. కుళ్లిన మెడలో కీళ్లు వదులై ఆ కొమ్ములు చేతిలో ఊగుతుంటాయి, ఊగడాన్ని విరుపు అనుకోకండి. పళ్లు గులాబీ రంగులో ఉన్నాయని నులిమి చంపారనడం ఇంకో పాత పొరపాటు, కుళ్లిన శవాల్లో, అందులోనూ నీటిలోంచి తీసినవాటిలో అది తరచూ కనబడుతుంది.

చీమలు, ఎలకలు, కుక్కలు, పీతలు

చీమలు కొరికిన చోట చిన్న చిన్న గోధుమ రంగు గుర్తులు, అంచులు వంకరటింకర, ఎండాక అచ్చం గీరుడు గాయాలే. చీమలు తడి ఉన్న మడతల వెంట బారు కడతాయి, మెడ మడత వెంట కడితే ఉరి గుర్తు అనే అనిపిస్తుంది. పాకల్లో దొరికిన శవాలకి ఎలకలు చెవులు, ముక్కు, వేళ్ల చివర్లు నమిలేస్తాయి, అంచు చిన్న చిన్న గుండ్రటి కొరుకుళ్లతో ఉంటుంది, రక్తం ఉండదు. కుక్కలు, నక్కలైతే పంటి గుచ్చులు, చర్మం మీద సమాంతరంగా గోళ్ల గీతలు. పురుగులు చర్మానికి చేసే గుండ్రటి చిల్లులు తుపాకీ గుండు దూరిన రంధ్రాల్లా ఉంటాయి. నాటుతుపాకులు తిరిగే ఏజెన్సీ వైపు ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది, ఎక్స్‌రే చూడకుండా “తుపాకీ గాయం” అనే మాట రాయకండి.

సముద్రం ఒడ్డున, కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు, శవాలకి కనురెప్పలు, పెదవులు, చెవులు, వేళ్లు ఉండవు. పీతలు, చేపలు మెత్తటి చోట మొదలుపెడతాయి.

నీటి శవాలకి ఇంకో చిక్కుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బతికుండగా తగిలిన గాయంలో రక్తం ఉండాలని చదువుకున్నాం. నీటిలో ఎక్కువసేపు ఉంటే ఆ రక్తం కరిగిపోతుంది. కత్తిపోటు కూడా తెల్లగా, కడిగినట్టు, చనిపోయాక చేసినదిలా ఉంటుంది. రక్తం లేదు కాబట్టి చనిపోయాక వచ్చిన గాయమే అని నాగావళి, వంశధార శవాలకి రాయొద్దు. అటువైపు కూడా ప్రమాదం ఉంది: మునిగిన శవం తల, చేతులు, కాళ్లు కిందికి వేలాడుతూ అడుగున రాసుకుంటుంది, నుదురు, వేళ్ల కణుపులు, మోకాళ్లు, కాలివేళ్లు గీరుకుపోతాయి. నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట దాటి వచ్చిన శవానికి రాళ్ల దెబ్బలు ఉండకపోతేనే వింత. ఎక్కడ పడింది, ఎక్కడ తేలింది, మధ్యలో ఏ అడ్డాలున్నాయో ఎస్సైని అడిగి రాసుకోండి.

తల, ఛాతీ, పొట్ట

మెదడు త్వరగా జావలా కారిపోతుంది. పుర్రె తెరవగానే కారిందని వదిలేయకండి, పుర్రెకీ పొరకీ మధ్య గడ్డకట్టిన రక్తం మెదడు పోయినా చాలాకాలం నిలబడుతుంది. పుర్రె కింద గిన్నె పెట్టి తెరవండి. ఛాతీలో ఎర్రటి నీళ్లుంటే అది కుళ్లు నీరు కావచ్చు, గడ్డలుంటే రక్తస్రావం. కడుపులో యాసిడ్ వల్ల జీర్ణాశయం చనిపోయాక చిల్లు పడొచ్చు, అంచుల్లో వాపూ ఉండదు, రంగూ ఉండదు. క్లోమం నల్లగా రక్తం పట్టినట్టు కనబడటం కూడా దాని సొంత రసాల పనే. గర్భాశయం, ప్రొస్టేట్ మాత్రం అన్నిటికంటే ఆఖర్న పోతాయి, మిగతావన్నీ జావైనా ఆడో మగో, గర్భమో కాదో అక్కడ తెలుస్తుంది.

ఎముకలే మిగిలితే

ఎముకని గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. బ్లీచింగ్ వాడితే ఎముక పొర లేచి గీతలు పోతాయి. విరిగిన అంచు రంగు చూడండి: చుట్టూ ఎముక ఎలా ఉందో అంచు కూడా అలాగే మట్టిరంగులో ఉంటే పాత విరుపు, అంచు తెల్లగా ఉంటే ఈ మధ్య పలుగో పారో తగిలింది. తవ్వి తీసిన శవాల్లో ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. తడి ఉన్న ఎముక వంగి, చీలికలు ఊడిపోకుండా అంచు నున్నగా ఏటవాలుగా విరుగుతుంది, ఎండిన ఎముక పెళుసుగా, అంచు గరుకుగా విరుగుతుంది. అయితే చనిపోయిన వెంటనే, ఎముక ఇంకా తడిగా ఉన్నప్పుడు విరిగినదానికీ బతికుండగా విరిగినదానికీ తేడా ఎముక చెప్పదు, విరుపు మానడం మొదలైతే తప్ప. “మరణ సమయానికి దగ్గరగా” అని రాయండి, అంతకుమించి పోకండి.

పాతిపెట్టినదాన్ని తవ్వించాలంటే మేజిస్ట్రేట్ ఆదేశం కావాలి. మన దేశంలో దానికి కాలపరిమితి లేదు, ఏళ్ల తర్వాత కూడా తవ్వొచ్చు.

రిపోర్టు రాసేటప్పుడు

చూసింది వేరు, ఊహించింది వేరు పేరాల్లో పెట్టండి. “ఎడమ రొమ్ము కింద, మధ్యగీత నుంచి ఇన్ని సెంటీమీటర్ల దూరంలో, మడమ నుంచి ఇంత ఎత్తులో, ఇంత పొడవు ఖాళీ, అంచులు పురుగులు తినేసి ఉన్నాయి, ఎదురుగా చొక్కాలో సూటి కోత, అయిదో పక్కటెముక మృదులాస్థిలో కోత” అనేది చూసింది. “పదునైన ఆయుధం వల్ల కావచ్చు” అనేది ఊహ, దాని కింద కారణాలు. కుళ్లు వల్ల ఏది చెప్పలేకపోతున్నారో దాన్ని గాయం వారీగా చెప్పండి. మొత్తం శవానికి కలిపి “కుళ్లిపోయినందున అభిప్రాయం సాధ్యం కాదు” అని ఒక్క ముక్క రాస్తే కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. జంతువుల గుర్తులని కూడా నంబర్లు వేసి రాయాలి, వదిలేస్తే రేపు ఫొటోలో చూసి ఎవరో వాటిని గాయాలంటారు. ల్యాబు రిపోర్టులు రాకుండా మరణ కారణం తేల్చకండి, ఎస్సై ఎంత తొందరపెట్టినా.

విశాఖ రీజనల్ ఫోరెన్సిక్ ల్యాబుకి విషం పరీక్ష కోసం పంపే విసెరాలో (లోపలి అవయవాల ముక్కల్లో) ఉప్పు చిక్కటి ద్రావణం, కణజాలం ముక్కల్లో ఫార్మలిన్. మార్చురీలో రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయి, అటెండరు తొందరలో తారుమారు చేస్తే విషం పరీక్షా పోతుంది, స్లైడూ పోతుంది. పోసేముందు లేబులు అంటించండి, పోసినవాళ్లు సంతకం చేయాలి, సీలు నమూనా కవరు కానిస్టేబుల్ చేతికిచ్చేటప్పుడు టైము రాయించుకోండి. కుళ్లిన శవంలో బ్యాక్టీరియా సొంతంగా ఆల్కహాల్ తయారుచేస్తుంది, కాబట్టి తాగి ఉన్నాడా అనే ప్రశ్న ఉంటే కంటి ద్రవం మిగిలి ఉందేమో చూసి, సోడియం ఫ్లోరైడ్ వేసి విడిగా పంపండి.